తాయ్ చీలో నన్ను కాపాడింది ఆ వెనకడుగే

తాయ్ చీ, అంటే నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామం అనగానే చేతుల విన్యాసాల గురించీ, మనశ్శాంతి గురించీ అందరూ రాస్తున్నారు కాబట్టి అవి వదిలేస్తున్నాను. న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఉంటూ, ఇక్కడి సీనియర్ సెంటర్లో రెండేళ్లకు పైగా చేస్తున్నాను. నాకు డెబ్బై దాటాయి. మా అక్కయ్య తుంటి ఎముక విరిగి మంచాన పడినప్పుడు పట్టుకున్న భయంతో చేరాను. ఇన్నాళ్లకి నేను గట్టిగా చెప్పగలిగేది ఒక్కటే, వెనక్కి వేసే అడుగు.

వాకింగ్‌లో ఎంత తిరిగినా ముందుకే నడుస్తాం. ఫ్రిజ్ తలుపు తీసేటప్పుడు, మనవడు కాళ్లకి అడ్డం వచ్చినప్పుడు మాత్రం చూడకుండా వెనక్కి వేసేస్తాం. ఇక్కడ నేర్పేదేమిటంటే, ఒంటి బరువంతా ఒక కాలి మీదకి వచ్చేదాకా రెండోది లేపకూడదు; వెనక్కి వేసేటప్పుడు ముందు వేళ్లు ఆనించి, నేల కుదురుగా ఉందని తెలిశాకే మెల్లగా మడమ దించి బరువు మార్చాలి. వినడానికి ఇంతే, ఒంటికి పట్టడానికి నెలలు పట్టింది.

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్లాం. పెరట్లో కుళాయి దగ్గర గచ్చంతా పాచి. బిందె ఎత్తుకుని వెనక్కి జరిగానో లేదో, ఎడమకాలి వేళ్లు జర్రున జారాయి. కాలైతే జారింది గానీ బరువింకా కుడికాలి మీదే ఉంది, మోకాలు కాస్త వంగింది, సగం నీళ్లు ఒలికాయి, అంతే. మా మరదలు కేకేసి పరుగెత్తుకొచ్చి "నిలబడే ఉన్నారే వదినా!" అంది. నాకు ఆ క్షణంలో ఏదీ ఆలోచించిన గుర్తు లేదు, కాలే చూసుకుంది.

ఒరెగాన్‌లో 70 ఏళ్లు దాటిన 670 మందితో చేసిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. స్ట్రెచింగ్ చేసినవాళ్ల కంటే తాయ్ చీ చేసినవాళ్లు పడిపోవడం 58 శాతం తక్కువట. అయితే వాళ్లు చేసింది వారానికి రెండుసార్లు, గంటేసి చొప్పున, 24 వారాలు. వీడియో పెట్టుకుని ఎప్పుడో పది నిమిషాలు ఊగితే అది వస్తుందని నేననుకోను.

మోకాళ్లకీ మంచిదని చేరిన కొత్తలో అందరికీ ఫోన్ చేసి చెప్పాను, ఆ మాట ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతాను. మొదటి టీచర్ బాగా వంగి చేయించేవారు, రాత్రిళ్లు మోకాళ్లు సలిపేవి. తర్వాత వచ్చినావిడ తాయ్ చీలోనే ఇంకో రకమైన సన్ శైలి మొదలుపెట్టారు, దాని ఆధారంగా సిడ్నీ డాక్టర్ పాల్ లామ్ కీళ్లవాతం ఉన్నవాళ్ల కోసం 1997లో కూర్చిన వరస. అందులో అంతగా వంగక్కర్లేదు, అప్పటినుంచి నయం.

నాకు కళ్లు తిరగడం లేదు, శుక్లాల ఆపరేషన్ అయింది, తీసుకెళ్లి దింపడానికి కోడలుంది. అందరికీ ఇలా కుదరకపోవచ్చు. మా తమ్ముడు ఫోన్లోనే నేర్పెయ్యమంటున్నాడు, వాడికి షుగర్, అరికాళ్లకి స్పర్శ బాగా తగ్గింది. ముందు డాక్టర్‌ని అడుగు, పక్కన నిలబడి చూసే మనిషి దొరికాక కుర్చీ పట్టుకుని మొదలుపెడుదువుగాని అన్నాను.