నైఫైకి సర్వర్ కొనేముందు: ఆరేళ్లు వాడాక నా అనుభవం

అపాచీ నైఫైని 2019 నుంచి వాడుతున్నాను. ఒకచోటి నుంచి వచ్చే డేటాని మెట్టు మెట్టుగా సరిచేసి ఇంకోచోటికి చేరవేసే సాఫ్ట్‌వేర్ ఇది. మాది గుంటూరు వైపు ఒక డెయిరీ. పల్లెల్లో మొత్తం 600 బల్క్ కూలర్లు (పాలు చల్లబరిచే పెద్ద ట్యాంకులు) ఉన్నాయి. పాల ఉష్ణోగ్రత ఎంత, ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయి, కరెంటు ఉందా లేదా అని ఒక్కో కూలర్ 5 సెకన్లకోసారి మెసేజ్ పంపుతుంది. అంటే సెకనుకు 120, రోజుకు కోటి పైచిలుకు. ఒక్కోటి 300 బైట్లు కూడా ఉండదు. పొద్దున, సాయంత్రం కేంద్రాల నుంచి ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాలు) లెక్కల ఫైళ్లు వేరే. వీటన్నిటినీ సరిచేసి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వేయడం, ట్యాంకులో పాలు వేడెక్కితే సూపర్‌వైజర్‌కి ఎస్‌ఎంఎస్ కొట్టడం నైఫై పని.

మొదట కొన్న సర్వర్ 32 కోర్లు, 128 జీబీ ర్యామ్. డిస్కులు మాత్రం తిరిగే హార్డ్ డిస్కులు, అన్నిటినీ రెయిడ్ 5 పద్ధతిలో కలిపి ఒకటే వాల్యూమ్. కొటేషన్ ఇచ్చినాయన కోర్లు ఎన్ని కావాలని అడిగాడు, ర్యామ్ ఎంత కావాలని అడిగాడు. డిస్కు మీద సెకనుకు ఎన్ని రాతలు పడతాయని ఆయన అడగలేదు, నాకూ తట్టలేదు. నైఫై, పోస్ట్‌గ్రెస్ రెండూ అదే వాల్యూమ్ మీద పెట్టేశాం.

రెండేళ్లు బండి నడిచింది. ఒక వేసవిలో పొద్దున ఆరున్నరకి ఫోన్ వచ్చింది. "మేడం, పాలు విరిగిపోయాక వచ్చిందండి మెసేజ్" అన్నాడు సూపర్‌వైజర్. అక్కడ రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు. 4 డిగ్రీల్లో ఉండాల్సిన పాలు వేడెక్కాయి. మన ఎస్‌ఎంఎస్ 50 నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది. 2,000 లీటర్ల ట్యాంకు పారబోశారు. అవి రైతుల కష్టం. ఆ పొద్దున నాకు ముద్ద దిగలేదు.

నైఫై స్క్రీన్ తెరిస్తే కనెక్షన్లు (మెట్టుకీ మెట్టుకీ మధ్య డేటా వేచి ఉండే క్యూలు) వరసగా ఎర్రగా ఉన్నాయి. నైఫై లోపల కదిలే ఒక్కో డేటా ముక్కని ఫ్లోఫైల్ అంటారు, మాకైతే ఒక్కో మెసేజ్. కనెక్షన్‌లో 10,000 ఫ్లోఫైళ్లు గానీ 1 జీబీ గానీ చేరితే నైఫై వెనకనుంచి తీసుకోవడం ఆపేస్తుంది. అది డిఫాల్ట్. అందుకే మెసేజ్ ఒక్కటీ పోగొట్టుకోలేదు, అన్నీ బ్రోకర్ (కూలర్ల మెసేజ్‌లు అందుకుని నైఫైకి ఇచ్చేది) దగ్గర నిలబడి ఉన్నాయి. ఈ విషయంలో నైఫైని మెచ్చుకోవాల్సిందే. సీపీయూ చూస్తే 12 శాతం. డిస్కు ఎంత బిజీగా ఉందో చూపే ఐఓస్టాట్ కమాండ్ కొడితే డిస్కు 100 శాతం దగ్గర అతుక్కుపోయి ఉంది.

కారణం తెలుసుకోవడానికి వారం పట్టింది. నైఫై డిస్కు మీద మూడు రిపాజిటరీలు పెట్టుకుంటుంది. ఏ ఫ్లోఫైల్ ఎక్కడుందో రాసుకునేది ఫ్లోఫైల్ రిపాజిటరీ. అసలు డేటా ఉండేది కంటెంట్ రిపాజిటరీ. ప్రతి ఫ్లోఫైల్‌కి ఏ మెట్టులో ఏం జరిగిందో చరిత్ర రాసేది ప్రొవెనెన్స్. మా ఫ్లోలో 8 మెట్లున్నాయి. రోజుకు కోటి మెసేజ్‌లంటే 8 కోట్ల చరిత్ర రాతలు! అసలు డేటా రోజుకు 3 జీబీ అయితే దాని చరిత్ర అంతకు పది రెట్లు. చిన్న చిన్న మెసేజ్‌లు ఎక్కువగా వచ్చే చోట జీబీలు లెక్కేసి సర్వర్ కొంటే ఇలాగే అవుతుంది. లెక్కేయాల్సింది ఫ్లోఫైళ్లు ఎన్ని, మెట్లు ఎన్ని అని. అదీ రోజు సగటున కాదు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య, అంటే కేంద్రాల ఫైళ్లన్నీ ఒకేసారి మీద పడే టైంలో.

ఇంకోటి కూడా అప్పుడే బయటపడింది. నైఫైలో ఒక్కో మెట్టు పని చేసే భాగాన్ని ప్రాసెసర్ అంటారు. అవన్నీ కలిసి వాడుకునే థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) డిఫాల్ట్‌గా 10. మేం దాన్ని ముట్టుకోలేదు. 32 కోర్లకు డబ్బు కట్టి రెండేళ్లు 10 థ్రెడ్లతో నడిపాం. కోర్లకు రెండు నుంచి నాలుగు రెట్లు పెట్టుకోవచ్చంటారు కదా అని 64 చేశాను. డిస్కు మీద ఒత్తిడి పెరిగి పరిస్థితి ఇంకా దిగజారింది. హీప్ (నైఫై వాడుకునే జావా మెమరీ) కూడా మా వెర్షన్‌లో డిఫాల్ట్‌గా వచ్చిన 512 ఎంబీనే. 38 లక్షల లైన్ల పాత బిల్లుల ఫైలుని స్ప్లిట్‌టెక్స్ట్ అనే ప్రాసెసర్‌తో లైను లైనుగా విడగొట్టబోతే మెమరీ చాలక కూలింది. కంటెంట్ డిస్కు మీదే ఉంటుంది, కానీ ఫ్లోఫైళ్ల అట్రిబ్యూట్లు (పేరు లాంటి వివరాలు) హీప్‌లో కూర్చుంటాయి. దానికి మందు హీప్ పెంచడం కాదు, ఫైలుని విడగొట్టకుండా లైన్లన్నిటినీ ఒకే ఫ్లోఫైల్‌లో ఉంచి పని చేసే రికార్డ్ ప్రాసెసర్లతో నడపడం.

2022లో కొన్నది 16 కోర్లు, 64 జీబీ ర్యామ్. పాతదాంట్లో సగమే, పనికి మాత్రం ఎన్నో రెట్లు మెరుగు. వేగంగా రాసే ఎన్‌వీఎంఈ డిస్కులు వేసి ఫ్లోఫైల్, కంటెంట్, ప్రొవెనెన్స్ దేనికది విడిగా పెట్టాను. ఫ్లోఫైల్‌కి మాత్రం రెండు డిస్కులు మిర్రర్‌లో (రెండిట్లోనూ అదే డేటా), ఎందుకంటే అది పాడైతే దారిలో ఉన్న డేటా ఎక్కడుందో నైఫైకి తెలియదు. పోస్ట్‌గ్రెస్‌ని వేరే మెషీన్‌కి పంపేశాం. హీప్ 16 జీబీ, థ్రెడ్లు 40. మిగిలిన ర్యామ్‌ని లైనక్స్ కాష్‌కి వదిలేశాను, అది వృథా కాదు. స్వాపినెస్ (ర్యామ్‌లోది డిస్కు మీదకి నెట్టే లైనక్స్ సెట్టింగు) 0, ఓపెన్ ఫైళ్ల పరిమితి 50,000. ఈ రెండూ మర్చిపోవద్దు. యూపీఎస్ కూడా తప్పనిసరి. డిఫాల్ట్‌గా నైఫై ప్రతి రాతనీ వెంటనే డిస్కుకి సింక్ చేయదు, కరెంటు హఠాత్తుగా పోతే చివరి క్షణాల డేటా పోవచ్చు.

చాలా సర్వర్లని (నోడ్లని) కలిపి నడిపే క్లస్టర్ గురించి చాలామంది అడుగుతారు. మాకు అవసరం రాలేదు. ఒక నోడ్ పడిపోతే దాని దగ్గరున్న డేటా ఆ నోడ్ తిరిగి లేచేదాకా దాని డిస్కు మీదే ఉండిపోతుంది, నైఫై దాన్ని వేరే నోడ్‌కి కాపీ చేయదు. మా సైజుకి ఒక మంచి సర్వర్, పక్కన స్పేర్ ఒకటి చాలు.

ఇన్ని చేశాక కూడా అసలు ఊపిరి పీల్చుకున్నది 2023లో. మెసేజ్‌లు లోపలికి రాగానే వెయ్యేసి కలిపి ఒక ఫ్లోఫైల్ చేశాను. తర్వాతి ఏడు మెట్లలో ఫ్లోఫైళ్లు వెయ్యో వంతుకి పడ్డాయి, ప్రొవెనెన్స్ డిస్కు చల్లబడింది. ఇదే ముందు చేసి ఉంటే కొత్త సర్వర్ ఇంకా చిన్నది కొనేవాళ్లం. అలారం దారిని మాత్రం కలపకుండా విడిగా ఉంచాను. 6 డిగ్రీలు దాటిన మెసేజ్ ఎవరికోసమూ ఆగకుండా నేరుగా వెళ్తుంది. ఇప్పుడు ఎస్‌ఎంఎస్ 10 సెకన్లలోపు చేరుతోంది.

2025లో నైఫై 2కి మారాం. జావా 21 కావాలి, ఫ్లోలని దాచుకునే పాత టెంప్లేట్లు ఉండవు. ఆ పనికి రెండు వారాంతాలు పోయాయి. సర్వర్ మాత్రం అదే.

వచ్చే సీజన్‌కి ఇంకో 400 కూలర్లు కలుస్తున్నాయి. కొత్త సర్వర్ కావాలా అని మేనేజర్ గారు అడిగారు. అక్కర్లేదండి, ప్రొవెనెన్స్‌కి ఇంకో డిస్కు ఇప్పించండి చాలని ఇండెంట్ పెట్టాను.