రాకేశ్ శర్మ డోమ్ షో: పిల్లల్ని తప్పక తీసుకెళ్లండి

గుంటూరు బ్రాడీపేటలో ఒక స్కూలు వాళ్లు గాలితో ఉబ్బే డోమ్ టెంటులో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి భారతీయుడు రాకేశ్ శర్మ మీద షో పెట్టించారు, మా అబ్బాయిని తీసుకుని వెళ్లాను, చాలా బాగుంది. నేరుగా రాకెట్ దగ్గర మొదలుపెట్టకుండా హైదరాబాద్ నిజాం కాలేజీ చదువు, 1970లో వాయుసేనలో చేరడం, 1971 యుద్ధంలో మిగ్-21 నడపడం అన్నీ ఓపిగ్గా చూపించారు. మాస్కో దగ్గర వ్యోమగాముల శిక్షణ కేంద్రమైన స్టార్ సిటీలో రష్యన్ నేర్చుకుంటూ శిక్షణ తీసుకున్న భాగమైతే నాకు మరీ నచ్చింది. 1984 ఏప్రిల్ 3న ఆయన ఎక్కిన సోయజ్ టి-11 వ్యోమనౌక పైకి లేచేసరికి డోమ్ అంతా ఎర్రబడింది, పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు. భారరహిత స్థితిలో యోగా ఒంటికి పనికొస్తుందేమో చూడ్డానికి సల్యూట్-7 అంతరిక్ష కేంద్రంలో ఆయన ఆసనాలు వేశారన్న సంగతి పెద్దవాళ్లలోనే చాలామందికి తెలియదు.

లోటు ఒక్కటే. తిరిగొచ్చాక విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్ఏఎల్‌లో టెస్ట్ పైలట్‌గా పనిచేసిన ఏళ్లను రెండు ముక్కల్లో తేల్చేశారు, అంతరిక్షం చూసొచ్చిన మనిషి మళ్లీ విమానాల్ని పరీక్షించే రిస్క్ తీసుకోవడం చిన్న విషయమా? లోపల ఉక్కగా ఉంటుంది, బ్లోవర్ హోరుకి వెనక కూర్చున్నవాళ్లకి మాటలు సరిగా వినపడవు, కాబట్టి కాస్త ముందే వెళ్లి మధ్యలో చోటు పట్టుకోండి.