పర్లాకిమిడి కొమ్ము పనివారు బాగుచేసిన మా యతగాన్ కత్తి

మా ముత్తాతగారు మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గ్రీసులోని సలోనికా వైపు నుంచి తెచ్చారని ఇంట్లో చెప్పుకునే ఒక బాల్కన్ కత్తికి, పిడినీ ఒరనూ బాగుచేయించడానికి బరంపురం నుంచి పర్లాకిమిడి తీసుకువెళ్ళి, అక్కడి ఒక కొమ్ము పనిశాలలో ఇచ్చాను. ఏడు వారాల తరువాత అది తిరిగి నా చేతికి వచ్చింది. పిడి పని నేను ఆశించినదానికంటే మేలుగా జరిగింది. ఒర విషయంలో మాత్రం కొంత అసంతృప్తి మిగిలింది.

ఈ రకం కత్తిని యతగాన్ అంటారు. ఒట్టోమన్ సామ్రాజ్యంలో 16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం చివరిదాకా ఇది వాడుకలో ఉంది. బోస్నియాలోని ఫోచా వీటి తయారీకి పేరుపడిన ఊళ్ళలో ఒకటి. మన తల్వారుకు పదును వెలుపలి వంపు మీద ఉంటే, దీనికి లోపలి వంపు మీద ఉంటుంది. చేతికి అడ్డుగా ఇనుప కట్టు ఏదీ ఉండదు. అలుగు (కత్తి ఉక్కు భాగం) నుంచి వెనక్కి సాగే ఇనుప కాడకు ఇరువైపులా కొమ్ముతోనో ఎముకతోనో చేసిన రెండు పలకలను మేకులతో బిగిస్తారు. వాటి చివరలు రెండు చెవుల్లా విచ్చుకుని, కత్తి దూసినప్పుడు అరచేయి జారకుండా ఆపుతాయి. పలకల మధ్య సందును ఒక లోహపు పట్టీ కప్పుతుంది.

మా కత్తికి ఒక చెవి సగానికి విరిగింది, పురుగులు కొమ్మును అక్కడక్కడ తొలిచాయి. అంతకంటే పెద్ద నష్టం కొన్నేళ్ళ క్రితం వేరే ఊళ్ళో చేయించిన మరమ్మతు వల్ల జరిగింది. ఆ పనివారు విరిగినచోట గట్టిపడే రసాయన బంక నింపి నల్లరంగు పూశారు, వెండి పట్టీని యంత్రం మీద రుద్ది చెక్కడాన్ని సగం చెరిపేశారు, పైగా ఒరకు రెండు కడియాలు తగిలించారు. యతగాన్‌ను నడుముకు చుట్టుకున్న వెడల్పాటి గుడ్డ మడతల్లో దోపుకునేవారు కాబట్టి, దాని ఒరకు వేలాడదీసే కడియాలు సాధారణంగా ఉండవు. ఆ సంగతి అప్పుడు నాకూ తెలియదు. తెలిసిన రోజున కలిగిన బాధే నన్ను పర్లాకిమిడి దాకా నడిపించింది.

చచ్చిన పశువుల కొమ్ములతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేసే విద్య ఆ ఊరిది. కొమ్మును వేడిచేస్తే మెత్తబడి వంగుతుందని, చల్లారాక ఆ వంపులోనే నిలుస్తుందని, గాలిలో తేమ మారినప్పుడు ఉబ్బి ముడుచుకుంటుందని వారికి చేతి అనుభవంగా తెలుసు. నేను రెండు పలకలూ కొత్తవి వేయమన్నాను. పెద్ద పనివారు పలకను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసి, "బాబూ, ఇది పాతదే గానీ చావలేదు. తీసేస్తే మరి మీ తాతగారిది ఏటి మిగుల్తాది?" అన్నారు. విరిగిన చెవి మేరకే కొత్త కొమ్మును ఏటవాలుగా కోసి అతికారు. పాత బంకను ఓపికగా గీకి తీసి, ఎముకలు, తోలు కాచి చేసే జిగురు వాడారు. రేపెవరైనా విడదీయాలనుకుంటే గోరువెచ్చని తడికి అది ఊడివస్తుంది. కొమ్ము ముడుచుకున్నా పగలకుండా మేకుల రంధ్రాలను వెంట్రుకవాసి వదులుగా ఉంచారు. అతుకు బయటికి లీలగా తెలుస్తుంది, తెలియాలి కూడా. కొత్త ముక్క లోపలివైపు మరమ్మతు జరిగిన సంవత్సరాన్ని సూదితో గీసి ఉంచారని చూసినప్పుడు నాకు మాట రాలేదు.

అలుగును వారు ముట్టుకోలేదు. చింతపండుతో తోమి మెరిపించమని మా బంధువులు అడిగినా ఒప్పుకోలేదు. పులుసు తగిలితే ఉక్కు పైపొర పోయి, అందులో పొదిగిన వెండి అక్షరాలు పట్టుతప్పుతాయన్న వారి జవాబు నూటికి నూరుపాళ్ళు సరైనది.

ఒర లోపలి చెక్క రెండు బద్దలూ పాతవే; అతుకు విడిపోతే మళ్ళీ కలిపారు, కడియాలు తీసేశారు. పైతోలు పని మాత్రం తోలు కుట్టే మరొకరికి అప్పగించారు. తోలు మందంగా పడింది, ఒర మూతి దగ్గర బిగువెక్కి అలుగు చివరిదాకా దిగడం లేదు, వెనుక కుట్టు కూడా వంకర పోయింది. తోలును పలుచగా చెక్కి వాడమని ముందే గట్టిగా చెప్పి ఉండవలసింది. ఒర చివరి వెండి పొన్ను సొట్టలు అలాగే ఉన్నాయి, ఎందుకంటే వెండిపని అక్కడ చేయరు. నాలుగు వారాలన్న గడువు ఏడయింది. అందులో రెండు వారాలు వానల్లో కొమ్ము తేమ నిలకడకు రావడానికి ఆగినవి కాబట్టి వాటిని నేను ఆలస్యంగా లెక్కించను. పిడికి 9,000, ఒరకు 5,500 రూపాయలు తీసుకున్నారు. పిడి పనికి ఆ ధర తక్కువే.

పని మొదలుపెట్టే ముందు ఫొటోలు తీసే అలవాటు అక్కడ లేదు కనుక ఇచ్చేవారే అన్ని వైపుల నుంచీ తీసి పెట్టుకోవాలి. దంతపు పిడి అయితే కొత్త దంతం అడగకండి. ఏనుగు దంతం వ్యాపారం మన దేశంలో నిషేధం, వారు ముట్టుకోరు కూడా. ఊనిన తోలులోని ఆమ్లాలు ఉక్కుకు తుప్పు పట్టిస్తాయి కాబట్టి నేను అలుగుకు పలుచగా మైనం రాసి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, ఒరను దాని పక్కనే విడిగా ఉంచాను. పైతోలును వచ్చే వేసవిలో మళ్ళీ విప్పించి పలుచన చేయిస్తాను.