పాయింట్లా, కబురా, డబ్బా: వాలంటీర్ కంప్యూటర్లను నిలబెట్టేది ఏది?

ఇంట్లో ఖాళీగా ఉన్న కంప్యూటర్‌ని సైన్సు లెక్కలకు అప్పగించే పద్ధతి మొదలై పాతికేళ్లు దాటింది. పెద్ద ప్రధాన సంఖ్యలు వెతికే గింప్స్ 1996లో, గ్రహాంతర జీవుల సంకేతాల కోసం అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్లు పెట్టిన సెటీ ఎట్ హోమ్ 1999 మేలో, ప్రొటీన్ల కదలికలు లెక్కగట్టే ఫోల్డింగ్ ఎట్ హోమ్ 2000లో స్టాన్‌ఫర్డ్‌లో వచ్చాయి. చేరేవాళ్లకు ఎప్పుడూ కొదవ లేదు. సెటీ ఒక్కదానికే యాభై లక్షల పైచిలుకు మంది పేరు ఇచ్చారు. చిక్కంతా ఆ తర్వాతే. ఆరంభ శూరత్వం అంటామే, అది ఇక్కడ పుష్కలం.

కోపమొచ్చి మానేసేవాళ్లు నిజానికి తక్కువ. ఈ పనిలో మనిషి చేతికి పనే ఉండదు. ప్రోగ్రాం తనే సర్వర్ నుంచి వర్క్ యూనిట్, అంటే లెక్కలో ఒక చిన్న ముక్క, తెచ్చుకుంటుంది, లెక్క చేస్తుంది, తిరిగి పంపిస్తుంది. కొన్నాళ్లకు అది ఉన్న సంగతే మర్చిపోతాం. తర్వాత కొత్త ల్యాప్‌టాప్ కొంటాం, అందులో బ్రౌజర్, వాట్సాప్ ఎక్కిస్తాం. దీన్ని ఎక్కించం. అంతే, ఒక వాలంటీర్ తగ్గినట్టే. పైగా చేతి చమురు కూడా వదులుతుంది: 100 వాట్లు అదనంగా రాత్రింబవళ్లు లాగితే నెలకు 72 యూనిట్లు. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా స్లాబు మారిందంటే ఆ బిల్లు చూసి ఇంట్లో ఎవరో ఒకరు అడగకుండా ఉండరు.

వాలంటీర్లను నిలబెట్టుకోవడానికి ప్రాజెక్టుల చేతిలో ఉన్నవి మూడు: పాయింట్లు, డబ్బు, కబురు. వాటిలో ఏది మేలో తేల్చడానికి నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: కొత్త కంప్యూటర్ కొన్ననాడు మళ్లీ ఇన్‌స్టాల్ చేయించేది ఏది?

ముందు పాయింట్లు చూద్దాం. ఎక్కువ ప్రాజెక్టులు వాడే బోయింక్ సాఫ్ట్‌వేర్‌లో పాయింటుని కాబుల్‌స్టోన్ అంటారు. సెకనుకు వంద కోట్ల లెక్కలు చేసే యంత్రం ఒక రోజంతా పనిచేస్తే 200 వస్తాయి. దాని మీద టీమ్‌లు, ర్యాంకులు, బ్యాడ్జిలు. వైద్యం లాంటి పరిశోధనలకు లెక్కలు చేయించే వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్‌లో 14 రోజుల లెక్క పూర్తయితే కాంస్యం, 45కి వెండి, 90కి బంగారం, అలా పైపైకి. నిర్వాహకులకు ఇందులో పెద్ద సుఖం ఏమిటంటే, ఒకసారి పెట్టాక ఇదంతా దానంతటదే నడుస్తుంది. సెటీ 2020 మార్చి ఆఖరున పని పంచడం ఆపేదాకా ఒక్క గ్రహాంతర సంకేతం కూడా ఖాయం కాలేదు. అన్నేళ్లూ కొందరిని పట్టి ఉంచింది లెక్క నడుస్తుండగా తెర మీద రంగురంగుల శిఖరాలు చూపే స్క్రీన్ సేవర్ ఒక్కటే కాదు, పక్క టీమ్‌ని దాటాలన్న పంతం కూడా.

కానీ పంతం పెరిగితే పని పక్కదారి పడుతుంది. సెటీ తొలినాళ్లలోనే కొందరు లెక్క చేయకుండా దొంగ ఫలితాలు పంపి పాయింట్లు కొట్టేశారు. అందుకే ఒకే యూనిట్‌ని ఇద్దరికి ఇచ్చి జవాబులు సరిపోల్చుకోవాల్సి వచ్చింది. 2010 నుంచి బోయింక్ పెంటాథ్లాన్ అని టీమ్‌ల పోటీ ఒకటి జరుగుతోంది. అందులో బంకరింగ్ పేరున్న ఎత్తు ఉంది: పూర్తయిన ఫలితాలను సర్వర్‌కి పంపకుండా దాచిపెట్టి, అవతలి టీమ్ నిశ్చింతగా ఉన్నప్పుడు ఒక్కసారిగా దించుతారు. ఆటగా చూస్తే భలే ఉంటుంది. ఫలితం కోసం కూర్చున్న శాస్త్రవేత్తకు మాత్రం ఆలస్యం.

పాయింట్లను తెలివిగా వాడింది ఫోల్డింగ్ ఎట్ హోమ్. అక్కడ ఒక యూనిట్ పూర్తయితేగానీ దాని తర్వాతి యూనిట్ తయారుకాదు. అందుకని త్వరగా తిరిగి పంపినవాళ్లకు బోనస్ పెట్టారు. అది రావాలంటే తీసుకున్న పనుల్లో కనీసం 80 శాతం పూర్తిచేసి ఉండాలి. ఇక్కడ పాయింట్ల యావ, సైన్సు అవసరం ఒకే దారిన పోతాయి. పాయింట్లు పెట్టదలచినవాళ్లు ముందు దీన్ని చూసి నేర్చుకోవాలి.

నా పరీక్షకు వస్తే పాయింట్లు సగమే నెగ్గుతాయి. పదేళ్ల లెక్క పోగేసుకున్నవాడు, టీమ్‌లో పేరున్నవాడు కొత్త యంత్రం మీద మొదట ఎక్కించేది ఇదే. ఊరికే ఉత్సాహంతో చేరిన మామూలు మనిషికి తన నాలుగు వేల పాయింట్లు పోయినా దిగులుండదు.

డబ్బు సంగతి తొందరగా తేల్చేయొచ్చు. కొత్త ప్రధాన సంఖ్య దొరికితే గింప్స్ 3,000 డాలర్లు ఇస్తుంది. 2024 అక్టోబరులో ప్రకటించిన సంఖ్యకు 4,10,24,320 అంకెలున్నాయి. దాన్ని పట్టినాయన క్లౌడ్‌లో జీపీయూలు (గ్రాఫిక్స్ చిప్‌లు) అద్దెకు తీసుకుని వెతికాడు. బహుమతిని తాను చదివిన బడి గణిత విభాగానికి ఇస్తానన్నాడు. డబ్బు కోసం చేసినవాడి లెక్క కాదది. ఇక బోయింక్ పనికి ప్రతిఫలంగా గ్రిడ్‌కాయిన్ అనే క్రిప్టో కరెన్సీ 2013లో మొదలైంది. ఇలాంటిది చేతికి రాగానే మనిషి కరెంటు బిల్లు పక్కన పెట్టి కూడికలు తీసివేతలు మొదలుపెడతాడు. నష్టమని తేలిన రోజు స్విచ్ కట్టేస్తాడు. సైన్సు కోసమని చేసినన్నాళ్లు ఆ లెక్క వేసుకోలేదు కదా!

మూడోది కబురు: నీ కంప్యూటర్ చేసిన పని ఏమైందో నీకు చెప్పడం. దీనికి నాకు నచ్చిన ఉదాహరణ అంతరిక్షపు సంకేతాలు వెతికే ఐన్‌స్టైన్ ఎట్ హోమ్. 2010 ఆగస్టులో వాళ్లు అరెసీబో రేడియో టెలిస్కోప్ డేటాలో సెకనుకు దాదాపు 41 సార్లు తిరిగే పల్సార్‌ని, అంటే గిర్రున తిరుగుతూ రేడియో సంకేతాలు పంపే చనిపోయిన నక్షత్రాన్ని, కనుగొన్నట్టు ప్రకటించారు. అది కనబడింది అమెరికాలో ఐయోవా రాష్ట్రపు దంపతుల కంప్యూటర్‌లో, జర్మనీలోని మైంట్స్‌లో ఒకాయన కంప్యూటర్‌లో. దొంగలెక్కలు పట్టడానికి పనికొచ్చే ఆ ఇద్దరికిచ్చే పద్ధతే ఇక్కడ రెండిళ్లకు పేరు తెచ్చింది. ఆ ముగ్గురినీ పేర్లతో సహా లోకానికి చెప్పారు. మిగతా లక్షల మందికి ఏమీ దొరకలేదు, నిజమే. అయినా రేపు తన యూనిట్‌లోనూ ఉండొచ్చన్న ఆశ వాళ్లకు మిగిలింది.

కబురు లేకపోతే ఎంత పెద్ద ఉప్పెనైనా వెనక్కి పోతుంది. 2020 మార్చిలో కోవిడ్ కోసం జనం ఫోల్డింగ్ ఎట్ హోమ్‌కి విరగబడ్డారు. ఏప్రిల్‌కల్లా ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ కలిపినా దాని ముందు చాలలేదు. సర్వర్లు పని అందించలేక ఎంతోమంది కంప్యూటర్లు ఖాళీగా ఎదురుచూశాయి. కొన్ని నెలలకు అందులో చాలామంది వెళ్లిపోయారు. వైరస్ స్పైక్ ప్రొటీన్ ఎలా తెరుచుకుంటుందో చూపిన పరిశోధన అచ్చయ్యేసరికి 2021 వచ్చింది. సైన్సు నడక అంతే, దాన్ని తొందరపెట్టలేం. ఫలితం రాకముందు కూడా చెప్పడానికి సంగతులుంటాయి: ఈ నెల ఏ ప్రొటీన్, ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది. చెడ్డ కబురైనా పర్వాలేదు, మౌనం పనికిరాదు. 2022లో వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ ఐబీఎం చేతి నుంచి టొరంటోలోని క్రెంబిల్ పరిశోధన సంస్థకు మారేటప్పుడు నెలల తరబడి పని నిలిచింది. అలాంటప్పుడు ఏ బ్యాడ్జీ ఆదుకోదు. పని లేకపోతే పాయింటే రాదు కదా.

కబురుతో ఇబ్బంది ఏమిటంటే అది దానంతటదే నడవదు. ఎవరో ఒక పరిశోధక విద్యార్థి కూర్చుని రాయాలి. ఆ రాతకు డిగ్రీ రాదు, పేపరూ రాదు. అందుకే అన్ని ప్రాజెక్టులూ పాయింట్ల వైపే మొగ్గుతాయి.

మరి ఏది మేలు? పది మంది సాయం కూడా లేని చిన్న ప్రాజెక్టుకైతే నేను కబురుకే ఓటేస్తాను. బోయింక్‌తో పాయింట్లు ఎలాగూ ఉచితంగా వస్తాయి, వాటిని అలా ఉండనిచ్చి, కొత్త బ్యాడ్జీల మీద పెట్టే టైమ్ నెలకో ఉత్తరం మీద పెట్టడం మంచిది. వేల టీమ్‌లున్న పాత ప్రాజెక్టు మాత్రం పాయింట్ల జోలికి పోకూడదు. లెక్కింపు పద్ధతి కొంచెం మార్చినా ఏళ్లుగా నమ్ముకున్నవాళ్లే ముందు అలుగుతారు. డబ్బు రెంటికీ వద్దు. ఇక నెలలుగా చప్పుడు లేని వాలంటీర్‌కి పంపే మెయిల్‌లో "మిమ్మల్ని మిస్ అవుతున్నాం" లాంటివి వద్దు. ఆయన చేసిన యూనిట్లు ఏ పనిలో కలిశాయో రెండు వాక్యాలు, కింద డౌన్‌లోడ్ లింకు ఉంటే చాలు. కొత్త ల్యాప్‌టాప్ అప్పటికే కొని ఉంటాడు.