జేబు కాటా, నాలుగేళ్ళ తర్వాత

"ఎర్రర్ కాయిన్లు కొనేవాడి దగ్గర ఇది ఉండాల్సిందే, ఉంటే ఇంకేం అక్కర్లేదు." ఈ కాటా కొన్న నెలకే ఐదు నక్షత్రాలిచ్చి అలా రాసింది నేనే. ఎర్రర్ కాయిన్లంటే టంకశాలలో ముద్ర తప్పుగా పడ్డ బిళ్ళలు. ఆ వాక్యంలో మొదటి సగాన్ని ఇప్పటికీ కాదనను.

నాకు నచ్చింది ఒక్కటే, రెండో దశాంశం. గ్రాములో నూరో వంతు. దానికి ముందు వంటింటి కాటాతో తంటాలు పడేవాణ్ణి. రూపాయి బిళ్ళ వేస్తే అది ఐదు అనేది, రెండు రూపాయల బిళ్ళ వేస్తే ఒకసారి ఆరు, ఒకసారి ఐదు. ఈ జేబు కాటా వచ్చాక 1992లో మొదలైన స్టీలు రూపాయి 4.85, పాత పదకొండు పలకల రెండు రూపాయలు 6.00, 2019కి ముందటి పది రూపాయల బిళ్ళ 7.71 అని నోటికొచ్చేసింది. వాడిన బిళ్ళలు కొంచెం అరిగి ఉంటాయి, రెండు మూడు నూరో వంతులు తగ్గితే పట్టించుకోను.

మొదటి వారంలోనే డబ్బు మిగిల్చింది. వేలంలో రెండువైపులా సింహాలే ఉన్న రూపాయి ఒకటి కొన్నాను. కాటా మీద 4.52. భూతద్దం పెట్టి చూస్తే అంచు లోపల గుండ్రంగా సన్నటి గీత. ఒక బిళ్ళని గిన్నెలా తొలిచి, ఇంకో బిళ్ళని సాన పట్టి అందులో కూర్చారు. గచ్చు మీద వేస్తే మోగలేదు, టప్ మంది. ఫొటోలు పెట్టి అడిగితే డబ్బు వెనక్కి వచ్చింది. తర్వాత "రూపాయి బ్లాంకు మీద పడ్డ రెండు రూపాయలు" అని ఇంకొకటి. బ్లాంకు అంటే ఇంకా ముద్ర పడని ఉత్త బిళ్ళ. నిజమైతే 4.85 ఉండాలి, అయస్కాంతానికి అతుక్కోవాలి. ఇది 5.41, అయస్కాంతం వైపు చూడను కూడా చూడలేదు. పదకొండు మూలలూ ఆకురాయితో రాసి గుండ్రం చేశారంతే. ఐదు నక్షత్రాలు ఆ ఊపులో ఇచ్చినవి.

ఇక లఖీ సంగతి. టంకశాలలో ముద్ర పడ్డ బిళ్ళ ఒక్కోసారి డైకి, అంటే ముద్ర వేసే అచ్చుకి, అతుక్కుపోతుంది. తర్వాత వచ్చే బ్లాంకుకి ఒకవైపు మామూలు ముద్ర పడుతుంది. రెండోవైపు డై తగలదు, అతుక్కున్న బిళ్ళే తగులుతుంది. కాబట్టి ఆ వైపు కూడా అదే బొమ్మ, కాకపోతే అద్దంలోలా తిరగబడి, లోపలికి దిగి ఉంటుంది. దాన్నే మన డీలర్లు లఖీ అంటారు. నాకొచ్చిన రెండు రూపాయల బిళ్ళ మీద దేశపటం తిరగబడి ఉంది, గుజరాత్ తూర్పున, శ్రీకాకుళం పడమట. ఎంత ముచ్చటేసిందో! ఆ పటం కింద సింహాల తలలు మసగ్గా కనిపించాయి. అమ్మినాయన "లఖీ ప్లస్ డబుల్ స్ట్రైక్" అని, అంటే రెండుసార్లు ముద్ర పడిందని, ముందే రాసుకున్నాడు కాబట్టి అదీ సరిపోయిందనుకున్నాను. కాటా మీద పెడితే 5.98. రెండువేల ఆరొందలు సద్వినియోగం అయ్యాయని అమ్మినాయనకి మంచి రేటింగ్ కూడా ఇచ్చాను.

ఏడాది తర్వాత హైదరాబాద్‌లో నాణేల ప్రదర్శనకి దాన్ని తీసుకెళ్ళి ఒక పెద్దాయనకి గర్వంగా చూపించాను. ఆయన తిరగబడ్డ పటం వైపు సరిగ్గా చూడనే లేదు. తిప్పి రెండోవైపు చూశాడు.

"ఎంతకు తీసుకున్నావయ్యా?"

చెప్పాను. "బరువు చూసుకున్నానండీ, సరిపోయింది."

"సరిపోకేం? వైస్‌లో పెట్టి బిగిస్తే బరువెక్కడికి పోతుంది?"

అప్పుడు విడమరిచి చెప్పాడు. వైస్ అంటే రెండు ఇనుప దవడల మధ్య దేన్నైనా బిగించే పనిముట్టు, అందులో నా బిళ్ళ మీద ఇంకో బిళ్ళ పెట్టి నొక్కారట. అసలు లఖీలో ఆ వైపు సింహాల డై తగలనే తగలదు, అందుకే సింహం ఆనవాలు ఉండకూడదు. సరే, ముద్ర పడ్డ బిళ్ళే రెండోసారి డైల మధ్యకి వెళ్ళిందనుకుందాం. అప్పుడు వెనకవైపు పటానికి రెండోసారి దెబ్బ పడి, ఇంకా స్పష్టంగానో, రెండు రెండుగానో ఉండాలి. నా బిళ్ళ వెనక పటంలోని జెండా గీతలు అణిగిపోయి చదునుగా ఉన్నాయి. వైస్ దవడ నొక్కిన గుర్తు అది. ఏడాదిపాటు నేను ఒకవైపే చూసి మురిసిపోయాను. కాటా మీద కూడా తిరగబడ్డ పటం పైకి ఉండేట్టే పెట్టేవాణ్ణి, ఏం చేస్తాం.

తప్పు కాటాది కాదు, నాకూ తెలుసు. ఆ 5.98 చూడగానే నా బుర్ర పని చేయడం మానేసిందన్నదే నా బాధ. తర్వాత పాతవన్నీ బయటికి తీసి మళ్ళీ చూశాను. మధ్య బిళ్ళ పక్కకి తిరిగిన పది రూపాయలొకటి, కాటా మీద చక్కగా 7.71. రింగునీ మధ్య బిళ్ళనీ కలిపే ముద్ర వేస్తారు కదా, ఒకదానికొకటి తిరగడం ఎలా కుదురుతుంది? ఎవరో మధ్యది ఊడగొట్టి, తిప్పి మళ్ళీ బిగించారు. తెల్లటి ఐదు రూపాయల బిళ్ళ ఇంకొకటి, "స్టీలు బ్లాంకు మీద పడ్డ నికెల్ బ్రాస్ డిజైన్" అట. మామూలుగా నికెల్ బ్రాస్‌వి పచ్చగా ఉంటాయి. ఆ రెండు లోహాల పాత ఐదు రూపాయలూ ఆరేసి గ్రాములే, కాటా ఏం చెప్పగలదు? ఇరవై రూపాయల అయస్కాంతం చెప్పింది, అతుక్కోకుండా. ఉత్త పూత.

అంచు కొరికినట్టుండే క్లిప్ బిళ్ళలైతే అసలైనా నకిలీ అయినా బరువు తగ్గుతుంది. వాటికి కొరికినచోటికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు చూస్తాను. టంకశాలలోనే తెగినదైతే అక్కడ గట్టు చాలావరకు పలచబడి ఉంటుంది. కత్తిరించి అమ్మేవాళ్ళు అక్కడిదాకా ఆలోచించరు.

ఇప్పుడు మూడున్నర నక్షత్రాలు. అర నక్షత్రం ఫ్యాన్ వల్ల పోయింది. గాలికి చివరి అంకె ఊగుతూనే ఉంటుంది, మే నెలలో తూకం వేయాలంటే ఇంట్లో అందరూ నన్ను తిడతారు. నేను నెలకి ఒకటో రెండో కొంటాను, దగ్గర్లో చూపించుకోవడానికి డీలరు లేడు, అందుకని ఇది నాకు గిట్టింది. మీ ఊళ్ళో ఆ పెద్దాయనలాంటి వాళ్ళుంటే ముందు భూతద్దం కొనుక్కుని ఆయన పక్కన కూర్చోండి, కాటా తర్వాత చూసుకోవచ్చు. లఖీ నా దగ్గరే ఉంది. అమ్మడానికి మనసొప్పలేదు, పారేయడానికీ ఒప్పలేదు. కాటా డబ్బాలోనే పెట్టాను, అణిగిన వైపు పైకి ఉండేట్టు.