ఫాల్స్ సీలింగ్ ఊడదీసిన ఇల్లు: తొమ్మిదేళ్ల తర్వాత

కాచిగూడ స్టేషన్ 1916లో కట్టారు. అది వచ్చాక ఆ చుట్టుపక్కల గల్లీల్లో లేచిన మేడల్లో మాదొకటి. వీధివైపు 18 అడుగులే, లోపలికి మాత్రం రైలుపెట్టెలా పొడుగు. రెండు పక్కలా గోడకి గోడ ఆనుకుని ఇళ్లు. నడుమ ఆకాశం కనబడే చిన్న ఆంగన్, అంటే లోపలి వాకిలి. పైన టేకు దంతెల (అడ్డ దూలాల) మీద ఇటుకా సున్నమూ పరిచిన మద్రాసు టెర్రస్ కప్పు. 2016లో ఇంటీరియర్ డిజైనర్‌ని పెట్టి లోపలంతా కొత్తగా చేయించాం. అప్పుడు ఎలా ఉందని అడిగిన చుట్టాలందరికీ బ్రహ్మాండం అన్నాను. ఇప్పుడు అడిగితే కాసేపు కూచోమంటాను.

ముందు ఫాల్స్ సీలింగ్ సంగతి. 14 అడుగుల కప్పుని తొమ్మిదిన్నరకి దింపాం, ఏసీకి గది తొందరగా చల్లబడుతుందని. లక్షా ఇరవై వేలు. చల్లబడింది, అబద్ధమెందుకు. 2020 అక్టోబరు 13న సిటీని ముంచిన వానకి మా కప్పులో ఎక్కడో నీళ్లు దిగాయి. జిప్సం బోర్డు అడ్డం ఉంది, మాకేం తెలుస్తుంది? నెల తర్వాత హాల్లో ఒక మూల అప్పడంలా పొంగింది. ఊడదీసి చూస్తే రెండు దంతెలు, సరిగ్గా గోడలోకి దిగే చోట, వేలు పెడితే రవ్వలా రాలుతున్నాయి. బోర్డు లేకపోతే మొదటి మరకకే నిచ్చెన వేసేవాళ్లం. ఆ రెండూ మార్పించి, మిగతావాటికి నూనె పట్టించి, పొడుగు రాడ్లతో ఫ్యాన్లు దింపాం. సీలింగ్ మళ్లీ వేయలేదు. ఏసీ ఇప్పుడు ఒక్క పడగ్గదిలోనే.

గోడల విషయంలో తప్పు మాదే. ఒకటిన్నర అడుగు మందం గోడ, డంగు సున్నంతో కట్టింది. కింద మూడడుగుల మేర చెమ్మ వస్తోందని సిమెంటు ప్లాస్టరింగు, దానిమీద పుట్టీ, ప్లాస్టిక్ ఎమల్షన్ కొట్టించాం. ఆ రోజుల్లో పునాది మీద డీపీసీ, అంటే నేల తడిని పైకి రాకుండా ఆపే పొర, వేసేవాళ్లు కాదు, నేలలో తడి గోడలోకి పాకుతూనే ఉంటుంది. సున్నపు గోడైతే ఆ తడిని బయటికి వదిలేస్తుంది. సిమెంటు దారి మూసేసరికి అది పైకెక్కింది. రెండో వానాకాలానికి చెమ్మ మూడడుగుల నుంచి అయిదడుగులకి వచ్చి, రంగు పొరలు పొరలుగా లేచింది, వెనక తెల్లగా ఉప్పు. పాతబస్తీ నుంచి వచ్చిన ముసలి మేస్త్రీ ఒక్కసారి తట్టి చూసి, "గోడకు ఊపిరాడాలె సారూ. మీరు దాని మొకానికి పాలిథిన్ కవరు కట్టిన్రు" అన్నాడు.

అదంతా చెక్కించి మళ్లీ సున్నమే పూయించాం. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో కలిపాడు. మొదటి వారం గోడ పొడుగునా చీమల బారు, అమ్మ పసుపు పట్టుకుని వాటి వెంట తిరిగింది. సిమెంటులా మర్నాటికి బిగిసేది కాదు, రోజుల తరబడి తడుపుతూ ఉండాలి. 2019 మేలో, సున్నంతోనే కట్టిన చార్మినార్ మినారు నుంచి పెచ్చు ఊడి పడితే పక్కింటాయన నాకు ఫోన్ చేసి మరీ "చూశారా మీ సున్నం" అన్నాడు. 1591లో కట్టింది అంకుల్, అన్నాను.

గోడకి అతికించి బిగించిన వార్డ్‌రోబ్‌ల వెనక బూజు పట్టింది. ఇప్పుడు ప్రతి అల్మారా గోడకి జానెడు దూరంలో కాళ్ల మీద నిలబడుతుంది, టీవీ కూడా స్టాండు మీదే. సున్నపు గోడలో డ్రిల్లు పెడితే వేలెడు కన్నం గుప్పెడవుతుంది, ప్లగ్గు నిలవదు. వంటింట్లో గుణియా (మూలమట్టం) పెడితే సరైన మూల ఒక్కటీ లేదు. మాడ్యులర్ పెట్టెలకీ గోడకీ మధ్య మిగిలిన సందుల్ని చెక్కపట్టీలతో కప్పారు, వాటి వెనక బొద్దింకలు కాపురం పెట్టాయి.

నేలకి షాబాదు బండలు ఉంచేయడం మాత్రం మేం చేసిన తెలివైన పని. అయినా పని చివర్లో సిమెంటు మరకలు పోవాలని ఒక కుర్రాడు యాసిడ్ పోశాడు. అది సున్నపురాయి, బుసబుసా పొంగింది. వందేళ్ల కాళ్లు నున్నగా చేసిన నల్లటి బండ మీద తెల్లటి చారిక, తలుపు దగ్గర, ఇప్పటికీ ఉంది. దానిమీద కాలిపట్టా వేశాం.

ఆంగన్‌కి అద్దం కప్పు వేయించింది మా ఆవిడ కోరికే. ఎండాకాలం ఇల్లంతా పొయ్యి, వేడిగాలి పోయే దారే మూశాం మరి. అద్దాన్ని అడుగున్నర పైకి లేపించి నాలుగువైపులా జాలీ పెట్టించాక నిలబడగలుగుతున్నాం. సోఫాలు, ఎల్‌ఈడీ లైట్లు, కొత్త డైనింగ్ టేబులు, ఇవేవీ ఇంతవరకు ఇబ్బంది పెట్టలేదు. గోడని ముట్టుకోవు కదా.

ఇక మిగిలింది పై అంతస్తు బాత్రూము. చెక్క దంతెల మీద టైల్స్, షవరు. కింద అమ్మ మంచం పైన ఈమధ్య అరచేయంత మరక కనబడుతోంది. మేస్త్రీని దసరా కాగానే రమ్మన్నాను, అప్పటిదాకా అందరం కింద ఉన్న బాత్రూములోనే.