గవర్నర్‌పేట బైండింగ్ షాపు: చించి దాచిన సీరియళ్లు ఉన్నవాళ్ల కోసం

జిరాక్స్ షాపులో స్పైరల్ కొట్టించుకుంటే చాలనుకునేవాళ్లకి ఈ రివ్యూతో పనిలేదు. అటక మీదో ట్రంకుపెట్టెలోనో వారపత్రికల్లోంచి చించి దాచిన సీరియల్ కాగితాలు ఉండి, పారెయ్యడానికి మనసొప్పక, ఉంచితే పురుగు పట్టేస్తుందేమోనని బెంగపడేవాళ్లు మాత్రం చదవండి.

షాపు విజయవాడ గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందుల్లో ఒకదాంట్లో ఉంది. బోర్డు మీద పేరు ఎండకి ఎప్పుడో వెలిసిపోయింది. పక్కనున్న టీ కొట్లో బైండింగాయన ఎక్కడ అని అడిగితే వేలు చూపిస్తారు. లోపల ఒక ఇనప ప్రెస్సు, ఒక కటింగ్ మిషను, గోడకి ఆనించిన అట్టల కట్టలు, మైదా జిగురు గిన్నె. ఆ జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, అందుకే కాస్త నీలంగా ఉంటుంది. నడిపే పెద్దాయనకి డెబ్బై దాటాయి. నేను బాబాయ్ గారూ అంటాను, ఆయన అమ్మా అంటారు. అంతకుమించి కబుర్లు పెట్టుకునే మనిషి కాదు.

నేను తీసుకెళ్లింది మా అమ్మ పెట్టె. అందులో ఏముందో చెప్తే గానీ ఆయన పనితనం అర్థం కాదు.

మేం గుడివాడలో ఉన్న రోజుల్లో ఇంటికి ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వారపత్రికలు వచ్చేవి. నాన్న మా కోసం చందమామ వేయించేవారు. అమ్మ వారం వారం తన సీరియల్ పేజీలు చించి, పక్కన పెన్సిల్‌తో తారీఖు వేసి, పురికొసతో కట్టి ఉంచేది. నవల పుస్తకంగా వచ్చాక అద్దె లైబ్రరీలో దొరుకుతుంది కదా, ఈ తిప్పలెందుకని నాన్న విసుక్కునేవారు. కానీ పుస్తకంగా వచ్చిన నవలలో బొమ్మలు ఉండేవి కావు. వారపత్రికలో బాపు వేసిన నాయిక కళ్లు, ఆ జడ, పుస్తకం అట్ట మీద ఒకటుంటే ఉండేది, లోపల సున్నా. అమ్మ దాచింది కథ ఒక్కటే కాదు, ఆ బొమ్మలు కూడా.

చించడంలో ఇంకో తంటా ఉండేది. నాన్న తమ్ముడు, మా సొంత బాబాయి, డిటెక్టివ్ సీరియల్ మనిషి. ఆయనదీ అమ్మదీ ఒకే కాగితానికి అటూ ఇటూ పడ్డ వారం ఇంట్లో పంచాయితీయే. చాలాసార్లు వదినగారే గెలిచేది. దాంతో ఇప్పుడు అమ్మ ప్రేమకథ వెనక పేజీల్లో ఒక హత్య జరుగుతుంది, ఇన్‌స్పెక్టర్ వస్తాడు, ఇద్దరి మీద అనుమానం పడుతుంది. హంతకుడెవరో మాత్రం బాబాయి కట్టలో ఉండాలి. ఆ కట్ట ఎవరో చదివిస్తానని పట్టుకెళ్లారు, మళ్లీ రాలేదు. అభిమానులంటే ఎంత మంచివాళ్లో ఈ మధ్య తెగ రాస్తున్నారు గానీ, పుస్తకం తీసుకెళ్లి ఎగ్గొట్టింది కూడా అభిమానులే. అందుకే అమ్మ తన కట్టలు ఎవరికీ ఇచ్చేది కాదు. అడిగితే చెల్లెలు పట్టుకెళ్లిందనేది. అమ్మకి చెల్లెళ్లు లేరు.

బైండింగాయన ఆ కట్ట విప్పి, ఒక్కో కాగితం ఎత్తి వెలుగుకి పట్టి చూశారు. న్యూస్‌ప్రింటు గోధుమరంగులోకి తిరిగిపోయి, మడత దగ్గర విరిగిపోతోంది. దబ్బనంతో పొడిచి సైడు కుట్టు వేస్తే అంచు చిరిగిపోతుందనీ, పుస్తకం పూర్తిగా తెరుచుకోదనీ ఆయనే చెప్పారు. చించిన పేజీలు దేనికది విడి కాగితం. వాటిని రెండేసి చొప్పున సన్నటి కాగితం పట్టీతో అతికి, అప్పుడు మడిచి సెక్షన్లు చేసి, నడిమధ్యలో దారం కుట్టారు. రోజంతా కూర్చుంటే ఒక సీరియలే అవుతుంది. వెనక పేజీలో సగం హత్య ఉంది, తెల్లకాగితం అతికి మూసెయ్యనా అని అడిగారు. వద్దన్నాను.

మధ్యలో రెండు భాగాలు అచ్చు కాగితాలు కావు. ఆ వారాల పత్రిక మా ఇంటికి రాలేదో ఏమో, అమ్మ పక్కింటివాళ్ల దగ్గర తెచ్చుకుని, రూళ్ల నోటుపుస్తకం కాగితాల మీద మొత్తం చేత్తో ఎక్కించుకుంది. బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి గీసి వదిలేసింది. ఆ కాగితాలు పత్రిక కన్నా పొట్టివి. వేరే బైండరైతే చివర్లో పెట్టేవాడు. ఈయన వాటికి చుట్టూ అంచు కట్టి, సరిగ్గా ఆ భాగాలు రావాల్సిన చోటే కుట్టారు. నేను చెప్పకుండానే.

ఇక నాన్న చందమామల విషయం. అవి ఎక్కువ పోయాయి, అందులో వచ్చిన శిథిలాలయం సీరియల్ సగం సగం మిగిలింది. అందులో హీరోలు శిఖిముఖీ విక్రమకేసరీ ఒక ఆపదలోంచి బయటపడేసరికి తర్వాతి నెల కాగితం ఉండదు. ఇలాంటి చిల్లులు పూడ్చుకునే తీరే మా తరానికీ అమ్మ తరానికీ మొత్తం మారిపోయింది. అమ్మ ఒక్కత్తీ కూర్చుని చేత్తో రాసుకుంది. నేను చందమామ అభిమానుల వాట్సాప్ గ్రూపులో రాత్రి అడిగాను, తెల్లారేసరికి ఆ నెలల పీడీఎఫ్‌లు వచ్చి కూర్చున్నాయి. పంపినాయన అమెరికాలో ఉంటాడు, మొహం తెలీదు.

చందమామ 1947 జూలైలో మొదలైంది. అచ్చు ఆగిపోయి పదేళ్లు దాటింది. పాత సంచికలు ఈరోజు చదవగలుగుతున్నామంటే అందులో పెద్ద వాటా ఎవరి ఇంట్లోవి వాళ్లు స్కాన్ చేసి పెట్టిన పాఠకులది. ఆ సీరియళ్లకి రచయిత పేరు వేసేవాళ్లు కాదు. చిత్రాగారి బొమ్మల కింద సంతకం కనిపించేది గానీ రాసిందెవరో మాకు తెలీదు. తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, శిథిలాలయం, ఇవన్నీ దాసరి సుబ్రహ్మణ్యంగారే రాశారని నాలాంటివాళ్లకి తెలిసింది పెద్దయ్యాక, ఇంటర్నెట్లో అభిమానులు ఒకరికొకరు చెప్పుకున్నాకే. ఆయన 2010 జనవరిలో కన్నుమూశారు, ఈ విజయవాడలోనే. చిన్నప్పుడు ప్రాణం పెట్టి చదివిన మనిషి పక్క ఊళ్లో ఉన్నా మాకు తెలీలేదు. గుట్టుగా దాచుకునే అభిమానంతో వచ్చిన నష్టం అదే. నలుగురూ కలిసి గోల చేసే ఇప్పటి అభిమానం రచయితకి కనీసం పేరైనా తెచ్చిపెట్టింది.

ఆ పీడీఎఫ్ పేజీలు కలర్ ప్రింటు తీయించి తీసుకెళ్లాను. తెల్లగా మెరిసే ఆర్ట్ పేపరు వద్దు, అసలు కాగితాల పక్కన అతికినట్టుండదని బైండింగాయన వెనక్కి పంపారు. కాస్త పసుపు ఛాయ ఉన్న మామూలు కాగితం మీద మళ్లీ తీయించాను. ఆయన మాటే కరెక్టు.

నేను కూర్చుని ఉండగా ఒకమ్మాయి వచ్చింది. ఇంజనీరింగ్ మూడో ఏడట. చేతిలో లావుపాటి ప్రింటవుట్ల కట్ట. ప్రాజెక్టు రిపోర్టేమో అనుకుంటే కాదు, ఏదో కథల యాప్‌లో రోజుకో భాగం చొప్పున వచ్చిన సీరియల్. రెండు వందల పైచిలుకు భాగాలు. ఎందుకమ్మా ఫోన్లో ఉందిగా అన్నాను. “ఉంటుందని గ్యారంటీ ఏముందాంటీ? ఆవిడ ఇదివరకు రాసిందొకటి సడెన్‌గా తీసేసింది. కొన్ని భాగాలకి కాయిన్లు కట్టాలి, నేను కట్టే చదివాను. రేపు యాప్ మూసేస్తే నా దగ్గరేం మిగుల్తుంది?” అంది. ప్రతి భాగం కింద పాఠకులు పెట్టిన కామెంట్లు కూడా ప్రింటు తీసింది. ఆ కామెంట్లు చదివే రచయిత్రి ఒక పాత్రని బతికించిందట, అందుకని అవీ కథలో భాగమేనట. బైండింగాయన కట్ట తిరగేసి, కామెంట్లు చిన్నక్షరాల్లో వెయ్యి, లావు తగ్గుతుంది, లేకపోతే రెండు వాల్యూములు చెయ్యాల్సొస్తుందన్నారు. ఆ అమ్మాయి రెండు వాల్యూములే అడిగింది.

వారపత్రికల్లో కూడా పాఠకుల ఉత్తరాల పేజీ ఉండేది. అమ్మ పెట్టెలో అలాంటివి ఒకటీ రెండూ ఉన్నాయి. అయితే ఉత్తరం రాసి, పోస్టులో వేసి, అది ఎడిటరుగారికి నచ్చి, అచ్చయ్యేసరికి కథ నాలుగు వారాలు ముందుకెళ్లిపోయేది. ఇప్పుడు రాత్రి పెట్టిన కామెంటుకి పొద్దున్న కథ మలుపు తిరుగుతోంది. ఇది నాకు పూర్తిగా నచ్చిందని చెప్పలేను. అడిగినవాళ్లందర్నీ సంతోషపెట్టే కథకి ముగింపు రాదు, కాయిన్లు వస్తున్నంతకాలం హీరోహీరోయిన్లకి అపార్థాలు వస్తూనే ఉంటాయి. కాకపోతే సర్క్యులేషన్ కోసం వారపత్రిక సీరియళ్లని సాగదీయలేదా అంటే, శుభ్రంగా సాగదీశారు. అమ్మ దాచిన ఒక కథలో హీరోయిన్ మేడమెట్లు దిగడానికే రెండు వారాలు పట్టింది.

శిథిలాలయం మంచి కాపీ ఉంది కదా, ఆ చందమామ గ్రూపులో వాళ్లకి ఒక పది సెట్లు కుట్టిస్తారా అని అడిగిచూశాను. ఒప్పుకోలేదు. “మీ కాగితాలు మీ కోసం కుడతానమ్మా. పది కావాలంటే రాసినాయన వారసుల్నో అచ్చేసేవాళ్లనో అడగండి” అన్నారు. గ్రూపులో ఈ మాట చెప్తే కొందరికి కోపమొచ్చింది. నాకు మాత్రం షాపు మీద గురి పెరిగింది.

ఇప్పుడు లోపాలు. మొదటి వాల్యూము అంచులు కటింగ్ మిషన్లో సాపు చేసేటప్పుడు మరీ లోపలికి కోశారు. అమ్మ పెన్సిల్‌తో వేసిన తారీఖులు చాలా పేజీల్లో సగం తెగిపోయాయి. అడిగితే, పుస్తకమన్నాక అంచు సమానంగా ఉండొద్దా అన్నారు. ఆయన దృష్టిలో అది తప్పు కాదు. మిగతావి కొయ్యకుండా ఎగుడుదిగుడుగానే ఉంచమని కాగితం మీద రాసిచ్చాను, అలాగే చేశారు. మీరూ మాటతో సరిపెట్టకుండా రాసివ్వండి. బంగారు అక్షరాల పేర్లకి ఆయన దగ్గరున్న అచ్చులు పాతవి, ఒత్తులు అరిగిపోయాయి. పేరులో ఒత్తులు ఎక్కువుంటే పుస్తకం వీపు మీద వట్టి నంబరు వేయించుకోవడం మేలు. చెప్పిన తారీఖుకి పని అవ్వదు. ఫోన్ ఎత్తరు. ఆ వీధిలో కారు ఆపే చోటు లేదు.

అయినా అయిదుకి నాలుగు వేస్తున్నాను. ఆ ఒక్కటీ తగ్గించింది తెగిన తారీఖులకి.

ధరల విషయానికొస్తే, వీపుకీ మూలలకీ గుడ్డ వేసే హాఫ్ కాలికోకి నాకు వాల్యూముకి 250 పడింది, మొత్తం గుడ్డ వేస్తే 400. విడి కాగితాలకి పట్టీలు అతికే పని దీనికి అదనం, కాగితం పరిస్థితిని బట్టి ఆయనే చెప్తారు, బేరమాడితే మొహం చిట్లిస్తారు. రెక్సిన్ చవకే గానీ మన ఎండలకి కొన్నేళ్లలో జిగటగా తయారవుతుంది, కాలికోయే అడగండి. డబ్బు ఫోన్లోనూ తీసుకుంటారు, స్కానర్ బల్ల సొరుగులో ఉంటుంది, అడిగితే తీస్తారు. వెళ్లేముందు స్టేపుల్ పిన్నులూ గుండుసూదులూ మీరే తీసేసి, పేజీలు వరసలో పెట్టి, పెన్సిల్‌తో నంబర్లు వేసుకోండి. తుప్పు మరకలకి ఆయన దగ్గర మందేం లేదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వెళ్లకండి, షాపంతా ఇంజనీరింగ్ కాలేజీల ప్రాజెక్టు రిపోర్టులతో నిండిపోయి కాలు పెట్టడానికి చోటుండదు, మీ అమ్మగారి కట్ట వాటి అడుగున పడిపోతుంది.